పానీయములు - వాని పేరు ప్రతిష్ఠలు



మనము త్రాగు పానీయములను గూర్చి నేడు నాలుగు మాటలు చెప్ప నెంచితిని. కల్లు సారాయములను గూర్చి కాదు. వానిని గూర్చి ఎంత చెప్పినను వినువారు వినరు, త్రాగువారు మానరు. ఇంటిలో పిల్లలకును పెద్దలకును మంచివే యని నమ్మి మనము నిస్సంకోచముగ ఇచ్చు వానిని గూర్చియే నా ప్రసంగము. టీ, కాఫీ, సీసాలలోని తీపి సోడాలు, పాలలో కలుపు పొడులు, అట్టపెట్టెలలో అమ్ము రసములు - వీనికి మంచిపేరు ఎట్లు వచ్చినది? చెడ్డపేరు వచ్చినప్పుడు అది ఎట్లు వచ్చినది? ఆ పేరు పెట్టినవారెవరు? ఇదియే విషయము.

దీనిని ఇంత పట్టుగ నేను విచారించుటకు కారణము మా యింట జరిగిన సంగతి యొకటి. 2019వ సంవత్సరము వేసవిలో మా మనుమనికి విరేచనములు పట్టుకొనెను. వానికప్పుడు రెండవ యేడు. విరేచనములకు ఓ.ఆర్.ఎస్. పట్టవలెనని మాకు తెలియును; రేడియోలో విన్నదే, ఆసుపత్రి గోడలమీద చూచినదే. మా అబ్బాయి పట్టణమునకు పోయి మందులదుకాణమున ఆ మూడక్షరములు చెప్పి అడిగెను. దుకాణదారు చక్కని అట్టపెట్టెలు నాలుగు చేతిలో పెట్టెను. వానిమీద ఆ అక్షరములు కన్నద్దములు లేకయే నాకు కనబడునంత పెద్దవిగ నుండెను. ప్రక్కన పండ్ల బొమ్మయు నుండెను. పిల్లవాడు ఇష్టముగ త్రాగెను. త్రాగినకొలది విరేచనములు హెచ్చెను.

"పోసింది పోసినట్టే పోతోందండీ, కళ్ళు లోపలికి పోయాయి చూడండి" అని రెండవనాటి రాత్రి మా ఇంటావిడ ఏడ్చినది.

తెల్లవారకమునుపే ఆసుపత్రికి చేర్చితిమి. అచ్చటి డాక్టరు పిల్లవానికి సెలైను ఎక్కించి, మేము వెంట తీసికొనిపోయిన పెట్టెను అటునిటు త్రిప్పి చూచి, "మాస్టారూ, ఇది మందు కాదండి, తియ్యని పళ్ళరసం. వెనకాల చిన్న అక్షరాలు చదివారా?" అని అడిగెను. నేను నలుబది యేండ్లు పిల్లలకు చదువు చెప్పినవాడను. పెద్ద అక్షరములు చదివితిని, చిన్నవి చదువలేదు.

పిల్లవాడు మూడు దినములకు కోలుకొనెను. ఆ పెట్టె సంగతి మరల చెప్పెదను. అంతకుముందు ఒక పానీయమునకు పేరు ఎట్లు పుట్టునో, ఎట్లు పెరుగునో తెలిసికొందము. అందులకు టీని మించిన ఉదాహరణము లేదు.

నేడు టీ లేని పల్లె లేదు. తెల్లవారుజామున పొలమునకు పోవువాడు టీ త్రాగి పోవును. చుట్టము వచ్చినచో టీ, పంచాయతీ కూడినచో టీ, తగవు తీరినచో టీ. ఇది అనాదిగ వచ్చుచున్న ఆచారమని మన పిల్లలు తలచుచున్నారు. వాస్తవమునకు మన దేశమున సామాన్యజనులు టీ త్రాగుట సుమారు నూరేండ్లనాటి మాట. అది మనకై మనము నేర్చినది కాదు. పట్టుపట్టి నేర్పిరి.

మనకు నేర్పక పూర్వము ఇంగ్లీషువారు తాము నేర్చుకొనిరి. వారికి నేర్పినవాడును వర్తకుడే. 1660 ప్రాంతమున లండనులో థామస్ గార్వే అను వర్తకుడు ఒక ప్రకటనపత్రము అచ్చు వేయించెను. చీనా దేశమునుండి వచ్చిన ఈ ఆకు కషాయము త్రాగినచో తలనొప్పి పోవునని, చూపు తేటపడునని, జ్ఞాపకశక్తి నిలుచునని, పీడకలలు రావని అందులో వ్రాయించెను. మన సంతలలో మూలికలవాడు చాప పరచుకొని చెప్పు మాటలకును వీనికిని భేదము లేదు. ఆ కాలమున టీ మందు.

నూరేండ్లు గడచునప్పటికి అదే టీ విషమయ్యెను. 1756లో జోనస్ హాన్వే అను ఆయన టీ ఆరోగ్యమును చెరచునని, కష్టపడి పనిచేయు గుణమును పోగొట్టునని, దేశధనమును హరించునని గ్రంథము వ్రాసెను. పండితుడైన శామ్యూల్ జాన్సన్ దానిని ఖండించెను. తాను రేయింబవళ్ళు టీ త్రాగువాడనని ఆయన బాహాటముగ ఒప్పుకొని మఱీ ఖండించెను. 1822లో విలియం కాబెట్ పల్లెజనులు టీ మాని ఇంటిలో కాచిన బీరు త్రాగవలెనని బోధించెను. ఆ పిదప మద్యపాననిషేధమును కోరు సంఘములు బయలుదేరి, త్రాగుడునకు బదులు టీ త్రాగుడని ఊరూర చెప్పినవి. దానితో టీకి సాధువను పేరు వచ్చినది. మందు, విషము, సాధువు - ఇన్ని పేర్లు పొందిన ఆకు ఒక్కటే. అది మాత్రము మారలేదు.

ఇక మన దేశపు సంగతి. అస్సాములో అడవిచెట్టుగ పెరుగు తేయాకును ఇంగ్లీషువారు కనుగొని తోటలు వేసిరి. 1839లో అస్సాము టీ మొదటిసారి లండనులో వేలము వేయబడినది. అప్పటికి ఇంగ్లండునందు చీనా టీకే గిరాకి. ఆ గిరాకిని విరుచుటకు ఏమి చేసిరో వినుడు. చీనావారు ఆకును చేతులతో నలుపుదురు, అది అశుచి, రంగులు కలుపుదురు. మన తోటల టీ యంత్రములతో చేసినది, పరిశుభ్రమైనది అని ప్రచారము సాగించిరి. రంగు కలుపుట కొంత నిజమే. చీనానుండి ఎగుమతి యగు పచ్చటీకి నీలిరంగు వేయుట బయటపడినది. కాని ఆ కొంత నిజముతో చీనా టీ అంతయు చెడ్డదను పేరు మోసినది. 1888 నాటికి ఇంగ్లండుకు పోవు టీలో చీనా సరకును మన దేశపు సరకు మించిపోయెను. యంత్రములను గూర్చి చెప్పిన ఆ ప్రకటనలు తోటలలోని కూలీలను గూర్చి మాత్రము చెప్పలేదు. గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి సయితము మనవారు ఆ తోటలకు కూలికి పోయిరి. వారిలో ఎందరో జ్వరములపాలై తిరిగిరాలేదు. పరిశుభ్రతను గూర్చిన మాటలు ఇంగ్లండునందు టీ కొనువారికొఱకు చెప్పినవి.

అంతవరకు మన దేశపు టీలో అధికభాగము ఓడలెక్కి పోవుచుండెను. 1903లో కర్జను ప్రభువు కాలమున ఎగుమతి టీమీద చిన్న పన్ను వేసి, ఆ సొమ్ముతో టీకి ప్రచారము చేయుటకు చట్టము చేసిరి. తోటల యజమానులే ఆ పన్ను కోరిరి. మీరు ఎక్కడనైనను వర్తకులు తమమీద పన్ను వేయుమని కోరగా వింటిరా? ప్రచారము ఎంతటి లాభసాటి వ్యాపారమో దీనివలన తెలియును. ఐనను చాలకాలము వారి చూపు పరదేశములమీదనే యుండెను. 1929 తరువాత ప్రపంచమంతట ధరలు పడిపోయినవి. టీ కొనువారు లేరైరి. 1933లో భారతదేశము, సింహళము, డచ్చివారి తూర్పు ఇండియా దీవులు ఎగుమతులు తగ్గించుకొనవలెనని ఒడంబడిక చేసికొన్నవి. మిగిలిన సరకును ఏమి చేయవలెను? అప్పుడు వారి దృష్టి మనమీద పడినది. ముప్పదియైదు కోట్ల జనము, టీ ఎఱుగని నోళ్ళు!

అటుపై సాగిన ప్రచారము సామాన్యమైనది కాదు. రైలుస్టేషనులలో ఎనామెలు రేకులు కొట్టిరి. అందు టీ కాచు విధము బొమ్మలతో చూపిరి. మోటారుబండ్లు పట్టణములు, సంతలు తిరిగినవి. ఉచితముగ టీ పోసిరి. సినిమా బొమ్మలు చూపిరి. ఘోషా స్త్రీల ఇండ్లలోనికి నేర్పుటకు స్త్రీలనే నియమించి పంపిరి. బీదవాడు సయితము కొనునట్లు కానికొక చిన్న పొట్లము చొప్పున అమ్మిరి. మొదట ఉచితము, పిదప కాని, పిదప అలవాటు. అలవాటైనపిదప ధర ఎంతయైనను మానలేము.

మా తాతగారు ఆ బండిని చూచినవారు. "ఊరికే పోస్తున్నాడంటే, రేపు మన ముంత తాకట్టు పెట్టించుకుంటాడన్నమాటే" అని అప్పుడు వారు అనిరట. నేనెఱిగినప్పటినుండి మాత్రము వారికి రోజునకు మూడుమారులు టీ లేనిదే జరుగలేదు!

ఈ ప్రచారమునకు ఎదురు లేకపోలేదు. గాంధీమహాత్ముడు టీ, కాఫీ, కోకోలు ఒంటికి అక్కరలేనివని, టీలోని టానిను జీర్ణశక్తికి చేటని 1942 ప్రాంతమున ఆగాఖాను భవనములో బందీగ నుండి వ్రాసిన ఆరోగ్యగ్రంథములో చెప్పెను. తోటలు తెల్లదొరలవి గనుక టీ త్రాగుట దేశాభిమానము కాదని తలచినవారును అనేకులు. ఇందులకు టీ బోర్డువారు చేసిన సమాధానము చూడుడు. 1947లో అన్నదా మున్షీ అను వంగ చిత్రకారునిచేత ఒక చిత్రము వేయించిరి. అందొక స్త్రీ రాట్నము ముందు కూర్చుండి టీ త్రాగుచుండును. టీ నూటికి నూరుపాళ్ళు స్వదేశి అని దాని భావము. గాంధీగారు వలదన్న టీకి గాంధీగారి రాట్నమునే ప్రక్కన నిలిపిరి! తోటలలో పెక్కు అప్పటికింకను తెల్లవారి కంపెనీలవే. ఐనను ఆ చిత్రము చూచి ఎవరును నవ్వినట్లు లేదు. నిన్నటి విదేశీ విలాసము నేటి స్వదేశీ వస్తువైపోయెను.

ఒక్క విషయములో మాత్రము ప్రచారకుల మాట మనవారు వినలేదు. వారు నేర్పినది నీరు మరిగించి, ఆకుమీద పోసి, మూతపెట్టి, పిదప కొంచెము పాలు చేర్చు దొరల పద్ధతి. మనవారు అన్నియు ఒకే గిన్నెలో వేసి, పాలు పంచదార దండిగ పోసి, అల్లము యాలకులు దంచి వేసి మరగబెట్టిరి. ఇట్లు చేసినచో ఆకు తక్కువ పట్టును గదా! ప్రచారకులు దీనిని తప్పుపట్టి, దుకాణములవారిని హెచ్చరించుచు తిరిగిరి. మనవారు లెక్కచేయలేదు. 1930 ప్రాంతమున అస్సాములో ఆకును నలిపి చింపి చుట్టు యంత్రము వచ్చినది. దానివలన గుండుగుండుగ, చిక్కగ దిగు చవుక టీ తయారై మన మరగబెట్టు పద్ధతికి సరిపోయినది. ఇప్పుడు మన దేశమున పండు టీలో నూటికి ఎనుబదిపాళ్ళు మనమే త్రాగుచున్నాము.

టీ మంచిదా చెడ్డదా అని మీరు నన్నడుగవచ్చును. గార్వే చెప్పినంత మందు కాదు, హాన్వే చెప్పినంత విషము కాదు. నిద్రమత్తు వదలించు కెఫీను అందు కలదు. భోజనముతోపాటు త్రాగినచో అన్నము కూరలలోని ఇనుము ఒంటికి పట్టనీయదు. రక్తము తక్కువగు స్త్రీలు ఈ మాట గుర్తుంచుకొనవలెను. నీటిని మరిగించి త్రాగుట మాత్రము మేలే. ఇంతకుమించి దానియందు మంచి లేదు, చెడ్డ లేదు.

కాఫీ కథయు ఇట్టిదే గాన త్వరగ ముగించెదను. ఉదయమున చద్దన్నము తిను ఇండ్లలోనికి అది వచ్చినప్పుడు సంసారములు చెడిపోవునని పెద్దలు మొత్తుకొనిరి. పిదప కాఫీ ఇయ్యని ఇల్లు మర్యాద లేని ఇల్లయ్యెను. ధరలు పడిపోయినప్పుడు కాఫీ తోటలవారును 1935లో టీవారి మార్గమే త్రొక్కి పన్ను, ప్రచారసంఘము ఏర్పరచుకొనిరి. 1936లో బొంబాయిలో కాఫీ హౌసు తెరచిరి. మన అరకులోయ కాఫీ నేడు దేశాంతరములలో పేరు పొందినది. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు దొరకినది. గిరిజనుల కష్టమునకు ఆ పేరువలన కొంత ధర పలికినచో నేను సంతోషింతును. పేరు ఎల్లప్పుడు మోసమే యని నా వాదము కాదు.

సీసాలలోని నల్లసోడా మాట. 1886లో అమెరికాలోని అట్లాంటా పట్టణమున జాన్ పెంబర్టను అను మందులవాడు కోకాకోలాను తయారుచేసెను. దానిని ఒట్టి దాహమునకని అమ్మలేదు. నరముల బలహీనతకు, తలనొప్పికి ఔషధమని ప్రకటించెను. అందు కోకా ఆకునుండి వచ్చు కొకెయిను అను మత్తుపదార్థమును కొంత యుండెను. 1903 ప్రాంతమున దానిని తొలగించిరి. 1929లో పుట్టిన సెవెనప్ అను నిమ్మసోడాలో మనోవ్యాధులకు వాడు లిథియము లవణము 1948 వఱకు కలిపిరి. మొదట దాని పేరులోనే ఆ మందు మాట యుండెను. మందను పేరు చెల్లినంతకాలము మందని అమ్మిరి. చెల్లనప్పుడు ఉల్లాసమని, యౌవనమని అమ్మిరి.

1977లో విదేశీ కంపెనీల వాటాలను తగ్గించు చట్టము విషయమున మన ప్రభుత్వముతో పొసగక కోకాకోలా దేశము విడిచిపోయెను. ఆ ఖాళీలో ప్రభుత్వమువారే డబుల్ సెవెన్ అను సోడాను అమ్మిరి. థమ్సప్ అను మన దేశపు సోడా పెద్ద పేరు తెచ్చుకొనెను. 1993లో కోకాకోలా తిరిగివచ్చి ఆ థమ్సప్‌నే కొనివేసెను. త్రాగువారు మాత్రము అది మనదే యనుకొని త్రాగుచునే యున్నారు. 2003లో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రమువారు ఈ సోడాలలో పురుగుమందుల అవశేషములున్నవని వెల్లడించిరి. పార్లమెంటు సంఘము విచారించి 2004లో అది నిజమేనని చెప్పెను. కొంతకాలము అమ్మకములు తగ్గినవి. పిమ్మట సినిమా నటులు సీసా పట్టుకొని ప్రకటనలలో కనబడిరి; జనులు మరచిరి.

ఇంతవరకు చెప్పిన వానిలో నష్టమేదైనను పెద్దలది, జేబుది. పిల్లల పానీయముల దగ్గఱ అట్లు కాదు.

పాలలో కలుపు మాల్టు పొడిని తీసికొందము. 1873లో హార్లిక్ అన్నదమ్ములు అమెరికాలో దీనిని ఆరంభించిరి. పసిపిల్లలకును రోగులకును ఆహారమని అమ్మిరి. 1930లలో ఇంగ్లండునందు ఒక చిత్రమైన ప్రకటన వెలువడినది. నిద్రలో మనుష్యునికి రాత్రి ఆకలి అను వ్యాధి కలుగును, అందుచేతనే ఉదయమున అలసట, పండుకొనబోవునపుడు ఈ పొడి కలిపి త్రాగుడు అని. అట్టి వ్యాధి వైద్యశాస్త్రములో లేదు. ప్రకటనల కచేరీలో పుట్టినది. ఐనను జనులు నమ్మిరి. ఆ దేశమున ఇప్పటికిని అది నిద్రకు ముందు త్రాగు పానీయమే. అదే పేరుగల పొడి మన దేశమున ఉదయమున బడికి పోవు పిల్లవాడు పొడుగు పెరుగుటకు, బలము కలుగుటకు, బుద్ధి వాడిగ నుండుటకు అని అమ్మబడినది! మన రాజమహేంద్రవరము చెంతనే దానిని చేయు కర్మాగారము కలదు. అక్కడ నిద్ర పట్టించునది ఇక్కడ మెలకువ తెచ్చునా? 2008లో బంగ్లాదేశమున చూపుటకు చేసిన ఆ పొడుగు, బలము, బుద్ధి ప్రకటన ఇంగ్లండు టెలివిజనులో కూడ కనబడగా, అచ్చటి ప్రకటనల పర్యవేక్షకులు ఆ మాటలకు ఋజువు చాలదని దానిని ఆపించిరి. అక్కడ చెల్లని మాట మన దిక్కున చెల్లినది.

ఇట్టి పొడులన్నిటిని ఆరోగ్యపానీయములని పిలుచుట మన దేశమున వాడుకయైనది. 2023లో బోర్న్‌విటాలోని పంచదారను గూర్చి ఒక యువకుడు ప్రశ్నించగా గొడవ రేగినది. బాలల హక్కుల సంఘమువారు నోటీసు ఇచ్చిరి. ఆ యేడు చివరికి కంపెనీవారు తాము కలుపు పంచదారను 100 గ్రాములకు 37.4 గ్రాములనుండి 32.2 గ్రాములకు తగ్గించిరి. 2024 ఏప్రిలులో కేంద్ర వాణిజ్యశాఖవారు, ఆరోగ్యపానీయమను మాటకు 2006 నాటి ఆహారభద్రతా చట్టములో నిర్వచనమే లేదు గనుక ఆ శీర్షిక క్రింద ఈ పొడులను అమ్మరాదని అంతర్జాల వర్తకులకు తెలిపిరి. హార్లిక్సువారు వెంటనే ఆరోగ్యమను మాట తీసివేసి వేఱొక పొడుగాటి పేరు పెట్టుకొనిరి. డబ్బాలోని పొడి ఒక్కరాత్రిలో మారదు గదా. ఎన్నో యేండ్లు మనము కొన్నది ఆ మాటనే.

నా బడిలో పేదపిల్లల తల్లులు రాగిజావ మాని, కూలిడబ్బులతో ఈ పొడులు కొనుట నేను కన్నులార చూచితిని. రాగిఅంబలి త్రాగుట తక్కువతనమని వారికి తోచెను. ఇప్పుడు ఆ అంబలికే పట్టణములలో పెద్ద పేరు వచ్చినది. 2023ను ఐక్యరాజ్యసమితివారు చిరుధాన్యముల సంవత్సరమని ప్రకటించిరి. ఆ పిదప గాజుగ్లాసులో పోసి అంబలిని హెచ్చు ధరకు అమ్ముచున్నారు. ఇదియు ప్రచారమే. మనకు ఇష్టమైన ప్రచారము గనుక మనము దానిని ప్రచారమనము. రాగులలో సున్నపు సత్తువ కలదు, నిజము; కాని అంబలి మధుమేహమును కుదుర్చునని చెప్పువానిని సయితము నేను నమ్మను.

ఇక ఆ అట్టపెట్టె.

ఓ.ఆర్.ఎస్. అనునది పానీయము పేరు కాదు, మందు పేరు. విరేచనములలో పిల్లవాడు చచ్చుట రోగముచేత కంటె ఒంటిలోని నీరు, ఉప్పు పోవుటచేత. ఒట్టి నీరు పోసిన నిలువదు. ప్రేగుల గోడలలో ఉప్పును లోనికి తీసికొను ద్వారములు కలవు. కాడికి రెండెడ్లు కట్టిననే నాగలి సాగినట్లు, ఉప్పుతోపాటు గ్లూకోజు చేరిననే ఆ ద్వారము పనిచేయును. ఉప్పు లోనికి పోవును. దాని వెంట నీరు పోవును. కావున ఉప్పు, తీపి, నీరు ఒక లెక్క ప్రకారము కలియవలెను.

తీపి లెక్క మించినచో ఏమగును? మాగాయ పెట్టు ఇంటిలో అందఱకు తెలియును. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో ఉంచినచో మూడవనాటికి ముక్కలలోని నీరు ఊటగ దిగును. వెలుపలి ఉప్పు లోపలి నీటిని లాగినది. పంచదారకును ఈ గుణము కలదు. ప్రేగులలోనికి అధికముగ చేరిన తీపి పిల్లవాని ఒంటిలోని నీటిని ప్రేగులలోనికి లాగును. ఆ నీరు విరేచనముగ పోవును. మా మనుమనికి జరిగినది ఇదియే. మేము ప్రేమతో, గిన్నెలు గిన్నెలుగ, వాని ఒంటిలోని నీటిని తోడిపోసితిమి.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క ఇది: లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాసియము క్లోరైడు 1.5 గ్రాములు, సోడియము సిట్రేటు 2.9 గ్రాములు. అట్టపెట్టెలలోని రసములందు తీపి దీనికి అనేక రెట్లుండెను. ఈ మందు గొప్పతనము 1971లో లోకమునకు తెలిసినది. బంగ్లాదేశ యుద్ధకాలమున వంగదేశపు సరిహద్దులోని బనగావ్ శిబిరమున కాందిశీకులు కలరాతో నేలమీద పడియుండిరి. సెలైను సీసాలు నిండుకొనెను. దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీటిలో కలిపించి పీపాలలో నింపి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి సుమారు ముప్పదిమంది చచ్చుచున్న చోట ఆ సంఖ్య నాలుగునకు లోబడెను. 2022లో ఆయన గతించిన పిదప 2023లో పద్మవిభూషణ్ ఇచ్చిరి. ఈ మందు పేరు సినిమా నటుల ప్రకటనలవలన వచ్చినది కాదు. దానంతట అది ప్రాణములు నిలిపి తెచ్చుకొన్న పేరది. ఆ పేరును తీపి రసముమీద అచ్చువేయుట పరుని పంటను రాత్రికి రాత్రి కోసికొనిపోవుట వంటిది.

హైదరాబాదునకు చెందిన ఒక శిశువైద్యురాలు ఈ అన్యాయముపై సుమారు ఎనిమిదేండ్లు పోరాడెను. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యము వేసెను. 2022 ఏప్రిలులో ఆహారభద్రతా సంస్థవారు ఆ పేరు వాడరాదనిరి. మూడు నెలలకే సడలించి, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన యోగము కాదని ముద్రించినచో వాడుకొనవచ్చుననిరి. ముందు పెద్ద అక్షరములలో అవునని, వెనుక చిన్న అక్షరములలో కాదని! తుదకు 2025 అక్టోబరు 14న ఆ అనుమతిని రద్దుచేసి, ఆహారపానీయముల పేరులో ఆ మూడక్షరములు ఎట్లును వాడరాదని ఉత్తరువు చేసిరి. కంపెనీలు ఢిల్లీ హైకోర్టునకు పోయినవి. ఆ నెల చివర ఒక కంపెనీ పిటిషనును కోర్టు త్రోసివేసినది.

కావున మీ యింట పిల్లవానికి విరేచనములైనచో ఆశ కార్యకర్తను గాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును గాని అడిగి పొడి పొట్లము తీసికొనుడు. పొట్లముమీద వ్రాసినంత నీటిలో మొత్తము ఒక్కసారిగ కలిపి, కొంచెము కొంచెముగ చెంచాతో పట్టుడు. మరునాటికి మిగిలినది పారబోయుడు. జింకు మాత్రలను గూర్చియు వారినే అడుగుడు. పొట్లము దొరకునంతవఱకు కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపవచ్చును. చెంచా అంచువఱకే నింపుడు, గోపురము కట్టకుడు. తల్లిపాలు మానవలదు. కన్నులు లోతుకు పోయినను, మూత్రము ఆగినను, పిల్లవాడు మత్తుగ నుండి త్రాగకపోయినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పరుగెత్తుడు.

మొన్న మా ఊరి దుకాణమున ఆనాటి పెట్టెనే చూచితిని. మూడక్షరములు పోయినవి. పండ్ల బొమ్మ, రంగు, పెట్టె ఆకారము అట్లే యున్నవి. "అసలు మందు పొట్లాలు లేవా?" అని అడిగితిని. "అవి తెప్పించనండి మాస్టారూ, వాటిమీద నాకేం మిగుల్తుంది?" అని అతడు నిజము చెప్పెను. నేను పట్టణమునుండి ఇరువది పొట్లములు తెచ్చి మా యింటి అలమరలో పెట్టితిని. అర్ధరాత్రియైనను మా వీధివారు వచ్చి తీసికొనిపోవచ్చునని చెప్పియున్నాను. ఇప్పటికి ఆరు ఖర్చైనవి.